గట్టిగా కూరిన పొట్టు పొయ్యి

మా అనంతపురం వీధిలో కరెంటు స్తంభం ఉండేది, వంటకు మాత్రం అందరికీ పొట్టు పొయ్యే దిక్కు. వానలు లేని సీమలో కట్టెలు ఎక్కడ దొరుకుతాయి? నూనె మిల్లు నుంచి శెనక్కాయ పొట్టు గోనె సంచుల్లో తెచ్చుకునేవాళ్లం. ఇనుప డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, రోకలి లాగేస్తే గొయ్యి మిగులుతుంది. కింది కన్నంలోంచి పుల్ల అంటించామా, ఇక మూడు గంటలు మండాల్సిందే. ఆర్పడానికి లేదు. నీళ్లు పోస్తే ఇల్లంతా పొగ. పొట్టు కూలి నిప్పు బయట పడుతుందేమోనని, అంతా బూడిదయ్యేదాకా నింపినామె కదలకూడదు. మా వీధి కట్టుబాటు అది.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. టీచరు ట్రైనింగుకు పిలుపొచ్చింది. పొద్దున పది గంటలకు హాజరు కావాలి. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో! "వంట చేసి పో" అంది మా అత్త.

ఆ రోజు పొయ్యి కూలి రభస కాకూడదని, నా తెలివి తెల్లారినట్టే ఉంది, రోజూకంటే గట్టిగా కూరాను. గట్టిగా కూరితే నిదానంగా మండుతుందన్న సంగతే గుర్తు రాలేదు. ఆరింటికి వెలిగిస్తే తొమ్మిదికి అన్నం, పప్పు అయ్యాయి గానీ నిప్పు ఇంకా తగ్గలేదు. ఇంతలో పక్కింటామె ఉలవల కుండతో వచ్చింది. మిగిలిన సెగను మా వీధిలో ఎవరూ వృథా పోనివ్వరు.

"ఏమ్మా, ఈ పొద్దు నీ పొయ్యి బలే మండుతాండాదే!"

"అక్కా, రోంతసేపు నువ్వు కూచో, నేను పోవల్ల."

"అమ్మో, కూలితే మీ అత్తతో ఎవురు పడేది!" అని కుండ పెట్టి వెళ్లిపోయింది.

అత్త వైపు చూశాను.

"మండేదాన్ని ఇడిసి యాడికి పోతావే? ఇల్లు కాల్చి పంతులమ్మవైతావా?"

మంచి చీర కట్టుకుని, జడేసుకుని, కాగితం చేత్తో పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది. కాళ్లున్నాయి, వీధి తలుపు తీసే ఉంది, లేవడానికి లేదు. ఉలవలు మాత్రం మెత్తగా ఉడికాయి.

పదకొండుకు నిప్పు చల్లారింది. ట్రైనింగు స్కూలుకు పరుగెత్తాను. బంట్రోతు తలుపుకు గొళ్లెం పెడుతున్నాడు. "అయిపాయ కదమ్మా, వచ్చే యేడు రా" అన్నాడు. వచ్చే ఏటికి నా చంకలో బిడ్డ.

అప్పుడు తెచ్చాడు మా ఆయన కిరసనాయిలు స్టవ్వు. మర తిప్పితే చాలు, ఆరిపోతుంది. వెలిగించాను, ఆర్పాను. మళ్లీ వెలిగించాను, మళ్లీ ఆర్పాను.

"ఏమ్మే, నూనె దండగ! యాడికన్నా పోవల్లనా?" అంది అత్త.

"యాడికీ లేదత్తా" అన్నాను. వెలిగించి ఎసరు పెట్టాను.