గాలిగొట్టం మీద నమ్మకం

రిటైరైన ఏడాది మా ఆయన ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ బండి కొన్నాడు. దాన్ని ఉన్నదున్నట్టు ఉంచలేదు. ఎత్తు పెంచించాడు, లావు టైర్లు వేయించాడు, పైన మడత గుడారం బిగించాడు. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని బండి కప్పు దాకా లేపించాడు, వాగుల్లో నీళ్లు లోపలికి పోకుండా. ముందు బంపరుకు వించ్ పెట్టించాడు. బురదలో దిగబడితే దాని తాడు చెట్టుకు కడితే చాలు, మోటారు తిరిగి బండిని లాక్కుంటుంది. ఇల్లందు దాటి భద్రాచలం వైపు అడవి అంచున వండుకొని తిని, ఆ గుడారంలో పడుకొని రావడం మా ఇద్దరికీ అలవాటైంది.

నాకు మాత్రం ప్రతి ప్రయాణమూ భయమే. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. భయం అజ్ఞానం కన్న బిడ్డ అని ఊరూరా వేదికలెక్కి చెప్పినదాన్ని. దయ్యాలు లేవని చూపడానికి వల్లకాట్లో కూర్చొని అన్నం తిన్నదాన్ని. అలాంటి మనిషి ఒక వాగు ముందు వణుకుతున్నానని ఎలా చెబుతుంది?

ఆ వానాకాలం మధ్యాహ్నం మేం చేరేసరికి వాగు ఎర్రగా పారుతోంది. నురుగు, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నాయి. పైన ఎక్కడో వాన పడుతోందని ఆ రంగే చెబుతోంది.

"దిగి లోతు చూద్దామా?" అన్నాను, మామూలుగా అడిగినట్టు.

"గొట్టం ఎందుకు పెట్టిచ్చిన మరి? గోదారైనా దాటుద్ది. కూసో."

కూర్చున్నాను.

అవతలి గట్టు ఇంకొంచెం ఉందనగా ముందు చక్రాలు ఇసుకలో కూరుకున్నాయి. గొట్టం గాలి పీలుస్తూనే ఉంది, ఇంజను అరుస్తూనే ఉంది, బండి కదలలేదు. నీళ్లు తలుపు సందుల్లోంచి నా పాదాల మీదికి వచ్చాయి. బండి వెనక భాగం మెల్లగా ప్రవాహం వైపు జరిగింది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఆయనకు ఈత రాదు.

ఆయన స్టీరింగు వదలడానికి లేదు. తాడు కొక్కెం, చెట్టుకు చుట్టే పట్టీ పట్టుకొని నేనే దిగాను. తొడల దాకా నీళ్లు. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే పడుతూ లేస్తూ గట్టెక్కాను. తాడు అందే దూరంలో ఉన్నది ఒక్కటే పెద్ద చెట్టు, ఇప్పచెట్టు. మొదలుకు పసుపు, ఎర్రగుడ్డ. పట్టీ చుట్టబోతుంటే, మేకలు తోలుకొస్తున్న కోయ ఆడమనిషి కేకేసింది.

"ఏయ్ అక్కా! గది మా వేల్పు చెట్టు. అడిగి కట్టు!"

"మనిషి కొట్టుకపోతాంటే చెట్టును అడిగేదేంది?" వాదన దానంతటదే నోటికొచ్చింది.

"అడిగితే నోరు అరుగుద్దా?"

వాగులోంచి ఆయన అరిచాడు. "నీ ఉపన్యాసం ఆపి కట్టు! సీటు కిందికొచ్చినయ్ నీళ్లు!"

నేను ఆమె వైపు తిరిగాను. "చెల్లే, నిన్నడుగుతున్న. కట్టుకోనా?"

"చెట్టునడగమంటే నన్నడుగుద్ది. ఏం మనిషివే అక్కా!" ఆమె నవ్వింది. చెట్టు మీద చెయ్యేసి తన భాషలో ఏదో చెప్పింది. "కట్టు, జల్దీ," అంటూ పట్టీ రెండో కొస తనే అందుకుంది.

ఆయన లోపలి నుంచే మీట నొక్కాడు, వించ్ మూలిగింది. తాడు నీళ్లలోంచి లేచి బిర్రబిగిసింది. తెగితే మనిషిని చీల్చేస్తుందని విన్నాను కనుక ఇద్దరం మేకలను అదిలించుకొని దూరం జరిగాం. బండి ముక్కు లేచింది, మళ్లీ మునిగింది. స్టీరింగు వెనక ఆయన తల ఒక్కటే కనబడుతోంది. రెండోసారి బండి ఒరుగుతూ, నీళ్లు కక్కుతూ గట్టెక్కింది.

ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు. "చూసినవా, గొట్టంలకు చుక్క పోలే."

ఒళ్లు మండింది నాకు. కొత్త బండికి కట్టిన నిమ్మకాయలను షోరూము ముందే తెంపించినదాన్ని నేను. వాటి చోట ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని కట్టుకున్నాం, అంతే తేడా. ఆ గొట్టం ఇంజనుకు గాలి ఇస్తుంది. చక్రం కింద నేల ఇవ్వదు. రుజువు అడగని నమ్మకం ఏ దుకాణంలో కొన్నా మూఢనమ్మకమే. ఆ రోజు బండిలో సరిగ్గా ఆలోచించింది భయం ఒక్కటే. పరువు కోసం దాని నోరు మూయించి ఒక మనిషిని ముంచబోయాం.

ముందు ఇంకో వాగు ఉందని మేకలామె చెప్పింది.

"ఎక్కు, పోదాం," అన్నాడాయన.

"ఎక్కను."

"ఏంది, భయమైతుందా?" అని నవ్వబోయాడు.

"అవ్. భయమైతుంది."

ఆ మాట ఆయన నా నోట వినడం అదే మొదలు. తాళం తిప్పి ఇంజను ఆపాడు. చేతులు ఇంకా స్టీరింగును వదల్లేదు.

"నాకూ అయితుంది," అన్నాడు.