అడగనిదే పేరు రాయని అల్లాబక్షు

ఏ పేరైనా సరే, దాన్ని ముందు పెట్టుకున్నవాళ్లను అడగనిదే రాయడు మా అల్లాబక్షు. జువ్వలదిన్నెలో పడవలకు పేర్లు రాసే పెయింటరుకే ఈ జబ్బుంటే ఊరు ఎలా వేగాలో మీరే చెప్పండి.

మా చర్చికి ‘బేతేలు’ అని రాయమంటే కుంచె కింద పెట్టి, బస్సెక్కి అల్లూరు పోయి, అక్కడి బేతేలు చర్చి పాస్టరు గారి అనుమతి తెచ్చాడు.

“అది బైబిల్లో పేరయ్యా,” అన్నాను.

“నిజమే, సమాధానమన్నా. ఆ పేరుతో ముందు బోర్డు కట్టింది ఆయన గదా,” అన్నాడు. సమాధానం నా పేరు లెండి.

అలాంటివాడి దగ్గరికి మా అమ్మాయి అబిగయీలు వెళ్లింది. పాలిటెక్నిక్‌లో ప్రదర్శనకని ఫోన్‌లో ఆట తయారుచేసింది. లోకమంతా ఆడిన ఇటుకలు పేర్చే ఆటకు నకలే. ఇటుకల బదులు చేపల పెట్టెలు పడవలోకి జారుతుంటాయి. అసలాట పేరుకే తోక తగిలించి బోర్డు రాసిమ్మంది. సోమవారమే ప్రదర్శన.

“ఆ కంపెనీవాళ్లని అడిగినావా పాపా?”

“పేరు కొంచెం మార్చినా గదా మామా.”

“మీసం పెంచితే మనిషి మారతాడా? కేసేస్తారు. నీ కష్టమంతా నకలు కింద పోతాది.”

పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. నాకు ఒళ్లు మండి కొట్లాటకు పోయాను. అతను తాపీగా కుంచె కడుక్కుని, మా ఇద్దరినీ పెంచలకృష్ణ ఇంటికి తీసుకుపోయాడు.

పెంచలకృష్ణకు అందరూ ఆడపిల్లలే. అందుకని పడవకు ‘పెద్దకోడలు’ అని పేరు పెట్టుకున్నాడు. నిరుడు ఆ పడవ అమ్మేశాడు. కొన్నవాళ్లు పేరు గీకేశారు. అప్పట్నించీ ఆయన హార్బరు మొహం చూడలేదు.

“పెంచలన్నా, మీ పెద్దకోడలు పేరు ఈ పాప ఆటకు ఇస్తావా?”

“అమ్మేసిన పడవకి నన్నడిగేదేంది?”

“అమ్మింది పడవనే గదన్నా. పేరు నీదే.”

ఆయన పాపను ఫోన్ ఇమ్మన్నాడు. ఆడుతుండగా పెట్టెలు ఒరిగి, ‘పడవ మునిగింది’ అని తెర మీద పడింది.

“దీనికి ఒప్పుకోను. నా పడవ యానాడూ మునగలే. ఒడ్డుకొచ్చిందని రాయి.”

అబిగయీలు అక్కడే కూర్చుని మార్చేసింది.

తిరిగొస్తూ, “కేసు భయం నిజమేనా?” అని అడిగాను.

“కంపెనీతో నిజమే అన్నా. మనోళ్లతో కేసేముంది? అడిగితే సంతోషపడతారు,” అన్నాడు. ఇన్నేళ్లూ పిచ్చోడనుకున్నవాడి మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది.

సోమవారం ‘పెద్దకోడలు’ ప్రదర్శనకు వెళ్లింది, ఊళ్లోవాళ్ల ఫోన్లలోకీ ఎక్కింది. ఆ సాయంత్రమే పెంచలకృష్ణ హార్బరుకొచ్చాడు. ఫోన్‌లో ఆ ఆట ఆడుతున్న ప్రతివాణ్నీ ఆపి, “ఎవర్నడిగి ఆడతా ఉండావు?” అని నిలదీసి, వెంటనే తనే అనుమతి ఇచ్చేస్తున్నాడు.