నేను కుట్టిన మొదటి రవిక

కుట్టు నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలోనే మిషను సూది నా చూపుడువేలి గోటిలోంచి దిగి అవతలికి వచ్చింది. ఓర్వకల్లులో ఒక అద్దె గదిలో కొందరు ఆడపిల్లలం కలిసి నేర్చుకునేవాళ్లం. టీచరమ్మ చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి సూది పైకి లేపేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. రక్తం చూసి భయపడలేదు. వేలు మిషనుకు అతుక్కుపోయి, లాక్కోలేక కూర్చున్న ఆ కాసేపే నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి ఇక పోనని చెప్పేశాను.

అమ్మ మిరపచేలో కూలిపని చేసి అప్పుడే వచ్చింది. నా వేలికి కట్టిన గుడ్డ విప్పి చూసి, మళ్లీ కట్టింది.

"నొస్తాందా?"

"నొప్పికి కాదుమా. మిషను మీద కాలు పెట్టాలంటేనే వణుకొస్తాండాది."

"కాలికి ముల్లు దిగిందని చేన్లోకి పోకుండా ఉంటామా? మాననీ. మళ్ల పోయేపొద్దు నేనూ వస్తాలే."

అన్నట్టే వచ్చింది. అమ్మకు మిషను కుట్టు రాదు. నా పక్కన నేలమీద కూర్చుని, నా మోకాలి మీద అరచెయ్యి వేసింది. "తొక్కు" అంది. తొక్కాను. సూది కదిలినప్పుడల్లా నా వేళ్లు వెనక్కి ముడుచుకుపోతున్నాయి. అమ్మ చెయ్యి మాత్రం మోకాలి మీదే ఉంది. సాయంత్రానికి ఒక దిండుగలీబు రెండంచులు కుట్టగలిగాను.

క్రిస్మస్ దగ్గరపడ్డాక అమ్మ కర్నూలు నుంచి నేరేడు రంగు చీర తెచ్చుకుంది. ఏటా ఆ ఒక్క పండక్కే ఆమె కొత్త చీర కట్టేది. దాంట్లో వచ్చిన రవికగుడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"టైలరుకు ఇయ్యను. నువ్వే కుట్టు."

"అమ్మా, నేనింకా రవిక కత్తిరించింది కాగితం మీదే."

"కాగితం మీద వచ్చింది గుడ్డ మీద యాడికి పోతాది?"

అదనపు గుడ్డ లేదు. పాత రవిక పరిచి, సుద్దతో గీసి, చెరిపి, మళ్లీ గీశాను. కత్తెర గీత మీద పెట్టి, రెండుసార్లు వెనక్కి తీశాను. అమ్మ పక్కనే బియ్యం ఏరుతూ ఉంది, కావాలనే నా వైపు చూడలేదని తర్వాత అర్థమైంది. మొదటి కోత పడ్డాక ఆగడానికి లేదు. కుట్టడం పూర్తయ్యేసరికి ఒకటి తెలిసిపోయింది. ఎడమ చంక దగ్గర గుడ్డ మరీ తక్కువ వదిలాను. కుట్టు అంచు మీదే పడింది.

"ఈడ నాకు నమ్మకం లేదుమా" అని చూపించాను.

"తొడుక్కుంటేనే కదా తెలిసేది" అంది అమ్మ.

పండగ పొద్దున చర్చిలో ఆడవాళ్ల వైపు చాపల మీద కూర్చున్నాం. అమ్మ ముందు వరసలో, నేను ఆమె వెనక. అమ్మ పక్కనే మా వీధి చివరింటి ఆమె కూర్చుంది. నోటికి తాళం లేని మనిషి.

"రవిక శానా బాగుండాది మే. యాడ కుట్టిచ్చినావు?"

"మా పాప కుట్టిండాది" అంది అమ్మ. నలుగురికీ వినపడేలా అంది. అందరూ తిరిగి అమ్మ వీపును చూశారు. నేను ఎడమ చంక దగ్గరి కుట్టునే చూస్తూ కూర్చున్నాను.

చివరి పాటకు అందరం లేచాం. అమ్మ ఎప్పుడూ చేతులెత్తే పాడుతుంది. ఈ ఒక్క రోజు ఎత్తకూడదని లోపల లోపల ప్రార్థించాను, దేవుణ్ణి అంత చిన్న సంగతి అడగొచ్చో లేదో తెలియకుండానే. పల్లవి అయింది. అమ్మ చేతులు భుజాల దాకా లేచాయి. ఆ పైకి లేచాయి. ఎడమ చంక కింద బట్ట బిగిసి, కుట్టు దారాలు ఒక్కొక్కటే కనపడ్డాయి. తర్వాత టప్పుమంది.

పాటలో కూడా ఆ చప్పుడు నాకు వినపడింది. అమ్మకూ తెలిసింది, భుజం ఒక్కసారి కదిలింది. చేతులు మాత్రం దించలేదు. ఆ చరణం అయ్యేదాకా అట్లాగే పాడి, నిదానంగా దించి, కొంగు భుజం నిండా కప్పుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"చినిగిపాయనే" అంది ఆ చివరింటి ఆమె.

"చినగలేదు. కుట్టు ఊడిండాది, అంతే. మళ్ల కుడతాది."

ఇంటికి పోగానే అమ్మ రవిక విప్పి నా చేతికిచ్చింది.

"సూడు, యాడ తప్పిందో."

చూశాను. అంచు పోగులు విడిపోయాయి. మళ్లీ అక్కడే కుడితే నిలవదు. అడగడానికి టీచరమ్మ ఊర్లో లేదు. కత్తిరించగా మిగిలిన పేలికలన్నీ నేలమీద పోసి వెతికితే అరచేతి కన్నా చిన్న ముక్క ఒకటి దొరికింది. చంకలో దాన్ని అతికితే గుడ్డ కాస్త వదులవుతుందనిపించింది. ఎవరూ నేర్పలేదు, సరైనదో కాదో తెలియదు. పాత కుట్టు బ్లేడుతో విప్పేటప్పుడు బ్లేడు జారి గుడ్డ తెగితే రవిక మొత్తం పోతుంది. అమ్మ వంట కూడా మొదలుపెట్టకుండా గడపలో కూర్చుంది.

కుట్టి ఇచ్చాను. తొడుక్కుని వచ్చింది.

"చేతులెత్తుమా" అన్నాను.

ఎత్తింది. చర్చిలో కన్నా పైకి ఎత్తింది. చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఏ చప్పుడూ రాలేదు.

"బిగువు కూడా తగ్గిండాది" అంది భుజం తిప్పి చూసుకుంటూ. "పా, ఏదన్నా వండుకుందాం. ఆకలైతాండాది."

తర్వాతి ఆదివారం అమ్మ అదే రవిక తొడుక్కుని, ఆ చివరింటి ఆమె పక్కనే కూర్చుంది. పాటకు లేచి చేతులెత్తగానే ఆమె కళ్లు అమ్మ చంక మీదికి పోయాయి. నావీ పోయాయి. ఆ పాటలో నేను ఒక్క మాట కూడా పాడలేదు. కుట్టు నిలిచింది.