దెబోరా ఊదిన గాలి

ఆసిఫాబాద్ తాలూకాలోని ఒక ఊళ్లో పటేలు ఇంట్లోకి దెబోరా పశువుల కొట్టం గుండానే వెళ్లాలి. పటేలు బొడ్డు కోసిన మంత్రసాని ఆమె. అయినా ఆ ఇంట్లో కాన్పు కాగానే బిడ్డ మీద, బాలింత మీద, దెబోరా కూర్చున్న చోట బంగారం కడిగిన నీళ్లు చల్లుతారు. మాలవాడ చెయ్యి తగిలిన మైల పోవాలట. దెబోరా చేతులు కడుక్కుని వచ్చిన దారినే పోయేది.

1961 వానకాలంలో పటేలు కోడలు సక్కుబాయి ప్రసవించింది. మగబిడ్డ. ఏడవలేదు, ఊపిరి లేదు, ఒళ్లు నీలమైంది.

అత్త అనసూర్య కంచు తాంబాళం తెచ్చి బిడ్డ చెవి దగ్గర గరిటెతో మోగించసాగింది. ఆ మోతకు ఊపిరి ఉలిక్కిపడి వస్తుందని అక్కడి ఆచారం. కొట్టంలో గొడ్లు బెదిరాయి గాని బిడ్డ కదలలేదు.

“జర ఆపుండ్రి దొరసానీ. బాజా సరే, పెండ్లికొడుకు ఇంక రానేలే,” అంది దెబోరా.

బిడ్డను పొడిగా తుడిచి, వెచ్చగా చుట్టింది. నోట్లోని తెమడను శుభ్రమైన బట్టతో తీసి, తల తిన్నగా ఉండేట్టు పడుకోబెట్టింది. బిడ్డ నోటినీ ముక్కునూ కలిపి తన నోటితో మూయబోయింది. మిషన్ ఆస్పత్రి నర్సమ్మ నేర్పిన పద్ధతి అది.

అనసూర్య చెయ్యి అడ్డం పెట్టింది. “ఏమే, నోరు వెడ్తవా? మావోడు ఎంగిలైతడు.”

“అయితె మీరే ఊదుండ్రి. మీ నోరు పెద్దదే గద.”

అనసూర్య ఆ పెద్ద నోరు తెరిచింది. కానీ ఊదడం ఆమెకు రాదు.

“అత్తమ్మా, చెయ్యి తియ్యుండ్రి,” అంది పడుకున్న చోటి నుంచే సక్కుబాయి. “ఎంగిలైనా సరే, నా కొడుకు నాకు గావాలె.”

చెయ్యి తొలగింది. దెబోరా బుగ్గల్లో పట్టినంత గాలే మెల్లగా ఊదింది. చిన్న ఛాతీ లేచింది. ఆగి మళ్లీ ఊదింది. కాసేపటికి బిడ్డ మొహం చిట్లించి తాంబాళాన్ని మించి అరిచాడు.

అనసూర్య కళ్లు తుడుచుకుంది. ఆ చేత్తోనే బంగారు గాజు తీసి చెంబు నీళ్లలో వేసింది.

“పైన జల్లితె ఏం ఫాయిద, దొరసానీ? నా గాలి లోపటున్నది. వద్దంటె జెప్పుండ్రి, మల్ల గుంజుకుంట.”

అనసూర్య బిడ్డను చూసింది, చెంబును చూసింది. “నీ నోట్ల మన్నువడ, ఉండనియ్,” అంది.

బిడ్డ మీద చుక్క పడలేదు. దెబోరా కూర్చున్న చోట మాత్రం చెంబెడు నీళ్లు పడ్డాయి. ఆచారానికి అంత తొందరగా సిగ్గొస్తుందా?

ఇది చదివేవారిని ఒకటి అడుగుతున్నాను. ఊపిరి లేని బిడ్డను తలకిందులుగా వేలాడదీయకండి, చరచకండి. ఊపిరి అందగానే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ ఊదడం తెలిసిన మంత్రసానో నర్సమ్మో మీ దగ్గర ఉంటే, కాన్పు నెల వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే పిలవండి. కోడళ్లతో పాటు కొడుకులనూ కూర్చోబెట్టి నేర్పించండి.