కవలలని రాసిన అక్కాచెల్లెళ్ళు

2014వ సంవత్సరం. రేణిగుంట జంక్షన్‌కు దగ్గరలో ఉండే ఒక హైస్కూల్లో పీఈటీగా పని చేస్తా ఉన్నాను. పీఈటీ అంటే వ్యాయామం నేర్పే టీచరు. పిల్లోళ్ళకు మాత్రం డ్రిల్లు మేడమే. మా గ్రౌండుకు ఒక పక్క రైలు కట్ట. గూడ్సు బండి పోతా ఉంటే నా విజిల్ ఎవురికీ వినపడేది కాదు. ఆట నిలిపేసి, బండి దాటిందాకా అందరం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాళ్ళం. నా గొంతు ఇట్ల బండగా అయింది ఆడనే. రిటైరై ఇంట్లో కూర్చున్నా తగ్గలేదు. "ఉప్పు అడిగేదానికి అంత అరుపెందుకే" అంటారు మా ఆయన.

ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఏంది, కబడ్డీ ఆడించరాదా అని అడగని వాళ్ళు లేరు. నేను కాలేజీలో ఆడింది ఫుట్‌బాల్, నాకొచ్చింది అది, నేర్పింది అది. తల్లిదండ్రులు తగువుకొస్తే ఇదే జవాబు చెప్పేదాన్ని. రెండు బంతులు, ఒక గాలి పంపు, నెట్లు లేని రెండు గోలు కంబాలు. ఇప్పుడు తల్చుకుంటే ఆ కాలం ఎంత బాగుండేదో అనిపిస్తాది గానీ, అప్పుడు మాత్రం రోజూ తిట్టుకుంటానే ఉండేదాన్ని.

పోటీలకు పోయే ప్రతి బిడ్డకూ ఎలిజిబిలిటీ ఫారం అని ఒకటి ఉంటాది. ఫోటో, తరగతి, బడి రిజిస్టర్లో ఉండే పుట్టిన తేదీ రాసి, హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించి సీలు కొట్టాల. అండర్-14 అంటే పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళు. ఈ ఫారంలో మోసం ఎప్పుడూ ఒక పక్కకే జరుగుతాది. మీసాలు మొలిచినోడిని తెచ్చి పదమూడని చెప్తారు. "మేడం, ఒక్క ఏడాది తగ్గించి రాయండి మేడం" అని నా ఇంటికొచ్చి బతిమాలిన నాయనలు ఎంతమందో. అందుకని మా కండ్లు పెద్దోళ్ళను పట్టుకునేదానికే అలవాటు పడిపోయినాయి. వయసు చాలని బిడ్డ పైవాళ్ళతో ఆడతా ఉంటే అడిగేవాళ్ళు లేరు. "భలే ఆడతా ఉండాదే" అని చప్పట్లు కొడతాం, అంతే.

రేవతి, మౌనిక ముందటేడు ఆరో తరగతికి వచ్చినారు. రిజిస్టర్లో ఇద్దరికీ ఒకటే పుట్టిన తేదీ, కవలలు. మౌనిక తల రేవతి భుజం కాడికి కూడా రాదు.

"కవలలంటిరే, ఇదేందే ఇంత పొట్టిగుండాది?" అని అడిగినాను.

"అది అన్నం సరిగ్గా తినదు మేడం," అనింది రేవతి. చెల్లెలు నోరు తెరిచేలోపల ఏ ప్రశ్నకైనా రేవతే జవాబు చెప్పేది. కవలల్లో ఒకరు బక్కగా ఉండేది మామూలే కదా అని నేనూ ఊరుకున్నాను.

మౌనిక ఆట చూడాల మీరు! ఎనిమిదో తరగతి ఆడపిల్లలు గట్టిగా గుద్దుకుంటా వస్తా ఉంటే వాళ్ళ మోచేతుల కిందనుంచి బంతితో సహా అవతలికి పోయేది. కాలికి సరిపొయ్యే బూట్లు తిరపతిలో యాడా దొరక్క, బొటనవేలు కాడ గుడ్డ కుక్కుకుని ఆడేది. నేను మురిసిపోయేదాన్ని. వేరే బడి పీఈటీల ముందర "మా పొట్టిదాన్ని చూసినారా" అని చెప్పుకోని రోజు లేదు.

రేవతిని స్టాపర్‌గా పెట్టినాను. గోల్‌కీపర్‌కు ముందర నిలబడి వచ్చేవాళ్ళను అడ్డుకునే పని అది. ఆ పిల్ల మాత్రం ఆడ నిలబడేది కాదు. మౌనిక యాడుంటే దాని వెనకాల పది అడుగుల్లో ఉండేది. చెల్లెల్ని ఎవరన్నా తోస్తే పోయి భుజంతో అడ్డం నిలబడేది. "నీ తావు యాడ, నువ్వు తిరిగేది యాడ?" అని రోజూ నా చేత తిట్లే. మారు మాట్లాడేది కాదు. బలం ఉండాది గానీ బుర్ర లేదని తేల్చేసి, నా చూపంతా చిన్నదాని మీదనే పెట్టుకున్నాను.

వాళ్ళు ఏడో తరగతిలో ఉన్నప్పుడు, నవంబరులో, చిత్తూరులో పోటీలు పడినాయి. పొద్దన్నే తిరపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కినాం. చంద్రగిరి దాటినాక చిత్రాన్నం పొట్లాలు విప్పినారు పిల్లలు. మౌనిక నా పక్కకొచ్చి చేతిలో ఒక చాక్లెట్ పెట్టింది.

"ఏందే ఇది?"

"ఈరోజు నా పుట్టినరోజు మేడం."

"జూన్‌లో కదే మీ ఇద్దరిదీ?"

"అది బడి పుట్టినరోజు మేడం. ఇది ఇంటి పుట్టినరోజు. ఈ రోజుకు నాకు పది..."

వెనక సీట్లోనుంచి రేవతి చెయ్యి వచ్చి దాని నోరు మూసింది. ఆ చెయ్యి తీసి చూస్తే రేవతి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఒక్క చూపుతో నాకు అంతా అర్థమైపోయింది. పన్నెండేళ్ళ వాళ్ళే కదా అనుకుని నేను పెద్దపిల్లల మీదికి పంపిస్తా ఉండే ఈ ఇద్దరిలో ఒకటి ఈరోజుకు పదేళ్ళ పసిబిడ్డ. ఏడాదిన్నర నుంచీ దీన్నే నేను ముందర పరిగెత్తించింది.

నేను చేసిన పని చెప్పేదానికి ఇప్పటికీ సిగ్గేస్తాది. ఆటకు పదకొండు మంది కావాల, నేను తీసుకుపోయింది పన్నెండు మంది పిల్లల్ని, అందులో ఒకదానికి బస్సులోనే వాంతులు. మౌనికను పక్కన కూర్చోబెడితే జట్టు నిండదు. పైగా గోలు కొట్టేది అదొక్కటే. ఈ ఒక్క మ్యాచ్ కానీ, తర్వాత చూసుకుందామని నా మనసుకు నేనే సర్ది చెప్పుకున్నాను.

గ్రౌండులో అవతలి జట్టును చూసినాక రేవతి నా తావకు వచ్చింది.

"మేడం, చెల్లిని ఈ పొద్దు ఆడించొద్దు మేడం. వాళ్ళు శానా పెద్దగుండారు."

"ఏడాదిన్నర లేని భయం ఈ పొద్దే వచ్చిందా? పోయి బూట్లు కట్టుకో. ఇంగో మాట, నీ తావు వదిలి కదిలినావంటే బయటికి పిలిపించేస్తా, చెప్తా ఉండా."

ఆ ఒక్క రోజు నా మాట వినింది ఆ బిడ్డ. గోలు ముందర గుంజ మాదిరి నిలబడింది. రెండో సగంలో మౌనిక బంతి తీసుకుని ఇద్దర్ని దాటింది. మూడో పిల్ల దానికి రెండింతలు ఉండాది, ఆపుకోలేక వచ్చి దాని మీదనే పడింది. తప్పు ఆ పిల్లది కాదు. మౌనిక లేచి కూర్చుని తన చేతిని తనే వింతగా చూసుకునింది. మణికట్టుకు పైన వంగిపోయి ఉండాది. ఏడ్చింది మౌనిక కాదు, గోలు కాడనుంచి ఉరికొచ్చిన రేవతి.

గ్రౌండుకు దగ్గర్లో ఉండే ఒక ఎముకల డాక్టరు కాడికి ఆటోలో తీసుకుపోయినాం. ఆయన పేరు రాసుకుని, వయసెంత అని అడిగినాడు. "పన్నెండు" అన్నాను. చూడండి, ఆ కుర్చీలో కూర్చుని కూడా నా నోట్లోనుంచి ఫారంలో ఉండే వయసే వచ్చింది.

ఆయన ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసినాడు.

"మేడం, ఇది పన్నెండేళ్ళ చెయ్యి మాదిరి లేదే. మణికట్టులో ఎముకలు వయసును బట్టి ఒకటొకటిగా కనపడతాయి. కనపడాల్సినవి ఇంకా రాలేదు ఇందులో. మీరు నాకు నిజం చెప్తే బిడ్డకు మంచిది."

"పది సార్. ఈ రోజుకే పది నిండినాయి."

ఆయన చీటీలో పన్నెండు కొట్టేసి పది అని రాసినాడు. గ్రీన్‌స్టిక్ విరుగుడు అని చెప్పినాడు. పసిపిల్లల ఎముక పచ్చి పుల్ల మాదిరి ఒక పక్క వంగి, ఒక పక్క చీలుతాదంట. ఆరు వారాల్లో కుదురుకుంటాది, కానీ పెరిగే ఎముక మీద దెబ్బ పడకుండా చూసుకోండి అన్నాడు. కట్టు వేసేటప్పుడు మౌనిక తన అక్క చున్నీని నోట్లో పెట్టుకుని కొరుక్కునింది.

మర్నాడు వాళ్ళమ్మ ధనమ్మ బడికి వచ్చింది. రేణిగుంట గోడౌన్లలో ప్యాకింగ్ పని ఆమెది, ఆరు గంటలకే బండెక్కాల. పిల్లల నాయన లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. నన్ను తిడుతుందని ఎదురు చూస్తా ఉంటే, ఆమె నా ముందర చేతులు జోడించింది.

"పోలీసులకు చెప్తారా మేడం? నేనేం చేసేది? పెద్దదాన్ని ఒకటో తరగతిలో వేసినప్పుడు దీన్ని ఇంట్లో చూసేవాళ్ళు లేరు. నాలుగేళ్ళు కూడా నిండలే. అక్క పక్కన కూర్చుంటాదిలే అని పంపించినా. ఆ బళ్ళో సారు, పిల్లోళ్ళ సంఖ్య చాలక, దీని పేరు కూడా రాసుకుంటానన్నాడు. పెద్దదాని పుట్టిన కాగితం ఒకటే ఇచ్చినా, ఇద్దరికీ అదే తేదీ వేసినాడు."

"ఎన్నేళ్ళమ్మా తేడా?"

"రెండున్నర. అన్నం తినిపించేది, ముక్కు తుడిచేది, ఒంటికి తీసుకుపోయేది, అంతా రేవతే మేడం. ఇంతవరకూ దీని మీద ఈగ వాలనీలే."

ఇంక ఏం చెయ్యాల? మా హెడ్మాస్టరు మంచోడే గానీ కాగితమంటే భయం. "మీకెందుకు మేడం ఈ తలనొప్పి, గమ్మునుండండి" అన్నాడు. గమ్మునుంటే ఏమవుతాది? ఇంకో రెండేళ్ళకు కాగితం మీద దీనికి పద్నాలుగు దాటిపోతాది. అప్పుడు అండర్-17లో పదహారేళ్ళ వాళ్ళతో ఆడాల, ఒళ్ళు చూస్తే పన్నెండు. ఆట మానేయాల, లేకపోతే ఇంకో ఎముక విరగ్గొట్టుకోవాల. పదో తరగతి రాసినాక తేదీ మార్చేది బ్రహ్మప్రళయం. ఇప్పుడే మారిస్తే, పిల్లను రెండు తరగతులు కిందికి దించాల, అక్కనుంచి విడదీయాల. ఈ చివరి మాట దగ్గరే అందరం ఆగిపోయినాం.

రేవతి స్టాఫ్ రూం తలుపు కాడ నిలబడింది. "మేడం, దాన్ని ఆట మాన్పించండి, కానీ వేరే తరగతిలో వెయ్యొద్దు. దానికి నేను లేకుండా కూర్చునేది తెలీదు."

మౌనిక కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నేనేం తప్పు చేసినా మేడం, ఫెయిల్ చేస్తా ఉండారు?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తప్పంతా మా పెద్దోళ్ళది, కాగితం మాది, దెబ్బ మాత్రం దానిది.

ధనమ్మ ఇద్దరినీ చూసి, "చెయ్యి ఒకటి విరిగింది, చాలు. మార్చండి మేడం" అనింది.

మున్సిపాలిటీలో అసలు జనన పత్రం తీసేదానికి, దాని వెంబడి ఆఫీసుల చుట్టూ తిరిగేదానికి నాలుగు నెలలు పట్టింది. ప్రతి టేబులు కాడా ఒకటే అనుమానం, "తగ్గించేదానికి వచ్చినారా, ఆటల కోసమా?" అని. నిజంగా తగ్గించేదానికే పోయినాను కదా, ఏం చెప్పేది! నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

జూన్‌లో రేవతి ఎనిమిదికి పోయింది, మౌనిక మళ్ళీ ఆరులో కూర్చునింది. మొదటి వారం ఎవరితోనూ మాట్లాడలే. దానికోసమే ఆరో తరగతి పిల్లలతో ఒక చిన్న గుంపు కట్టినాను, మొగా ఆడా కలిపి. బంతి ఒక పక్క, పిల్లలు ఒక పక్క. ఒక పొద్దు నాలుగైదు మంది ఒకేసారి బంతిని తన్నబోయి గుంపుగా కిందపడినారు. మౌనిక అడుగున ఉండాది. నేను ఉరికిపోతిని. చూస్తే అది పడీపడీ నవ్వుతా ఉండాది. ఏడాదిన్నర ఆడించినాను ఆ బిడ్డను. గ్రౌండులో అది నవ్వింది ఆ రోజే మొదలు.

ఆ ఏడు అండర్-14 పోటీల్లో రేవతి, జట్టులో చెల్లెలు లేకుండా ఆటకు దిగింది. మౌనిక చిన్న గుంపుతో గీత బయట కూర్చునింది. విజిల్ కొట్టినాక రేవతి తన తావులోనే నిలబడింది గానీ ఊరికే అటూ ఇటూ చూస్తా ఉండాది. ఎవరిని వెతుకుతా ఉండాదో నాకు తెలుసు. సగం ఆటప్పుడు పిలిచినాను.

"రేవతీ, నువ్వు ముందరికి పోయి ఆడుతావా?"

"నేనా? గోలు కొట్టేదానికి నేనెప్పుడూ పోలేదు మేడం."

"ఎందుకు పోలే?"

"నేను పోతే వెనకాల దాన్ని ఎవరు చూస్తారు?"

ఆ ఏడాదిన్నరా నేను తిట్టిన తిట్లన్నీ ఆ ఒక్క మాటకు నా మీదికే తిరిగి వచ్చినాయి. "చూసుకునేదానికి నేనుండా. నువ్వు పో" అన్నాను.

పోయింది. అబ్బా, ఏం పరుగు అది! ఆ కాళ్ళల్లో అంత వేగం ఉండాదని నాకు తెలీదు. ఇద్దర్ని భుజంతో పక్కకు పెట్టి, బంతిని గోల్‌కీపర్ ఎడమ పక్క కొట్టింది. కొట్టి, ఏం చెయ్యాలో తెలీక ఆడనే నిలబడిపోయింది. మ్యాచ్ అయినాక నీళ్ళు తాగి నా పక్కన కూర్చునింది.

"మేడం, ఇంగ నేను దాన్ని చూడాల్సిన పని లేదా?"

"గ్రౌండులో లేదమ్మా. నువ్వు ఆడుకో."

సరే అని తలూపి, మోకాళ్ళ మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది. నేను ఆపలేదు.

ఆ తర్వాత ఎన్నో ఫారాలు రాసినాను. రాసే ముందు ప్రతి బిడ్డనూ ఇంటి పుట్టినరోజు ఎప్పుడని అడిగేది, ఇంట్లో నువ్వు ఎవరిని చూసుకుంటావని అడిగేది అలవాటు చేసుకున్నాను. మౌనిక వయసు తప్పని ఒప్పుకునేదానికి నాకు ఒక డాక్టరు, ఒక ఎక్స్‌రే కావాల్సి వచ్చినాయి. రేవతి వయసు మాత్రం మొదటినుంచీ ఫారంలో సరిగ్గానే ఉండింది. అందుకే ఆ పిల్ల తన వయసుకు మించి ఎంత మోస్తా ఉండాదో నాకు కనపడలేదు.