అంకుల్ నోట నా మాట

ఆ ఏడాది శనివారాలంటే నాకు భయం పట్టుకుంది. మధ్యాహ్నం అన్నం తింటుండగానే అరచేతులు చల్లబడేవి. మూడున్నరకి ఆటయితే మూడింటి నుంచే వంటింట్లో అక్కర్లేని పనులు పెట్టుకుని, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. ఆడేది నువ్వు కాదు కదా అనేవారు మా ఆయన. నిజమే. ఆడేవాళ్ళు వేల కిలోమీటర్ల అవతల, ఆస్ట్రేలియా తీరంలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో ఉన్నారు. నేను సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలో, ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉన్నాను. అయినా ఆ గిన్నెలు కడగడం ఆపేదాన్ని కాదు.

పెళ్ళైన కొత్తలో ఆ ఊళ్ళో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. మా ఆయనకి వీసా రాక మొదటి ఏడాది ఒక్కదాన్నే ఉన్నాను. చలికాలపు ఆదివారాలు ఎంతకీ గడిచేవి కావు. ఆఫీసులో పక్క సీటు ఆవిడ రమ్మంటే ఒకసారి స్టేడియానికి వెళ్ళాను. రగ్బీ లీగ్ అనే ఆట ఉందని అప్పటిదాకా తెలియదు. అటు పదమూడు మంది, ఇటు పదమూడు మంది. కోడిగుడ్డు ఆకారంలో బంతి. దాన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తేవాణ్ణి అవతలివాళ్ళు పట్టుకుని నేలకేసి పడేస్తారు. ఆరుసార్లు పడేలోగా అవతలి చివరి గీత దాటకపోతే బంతి వాళ్ళకి అప్పగించాలి. కాకినాడలో స్కూలు రోజుల్లో కబడ్డీ ఆడినదాన్ని, పట్టు పట్టడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రెండో ఆదివారానికే నిలబడి అరుస్తున్నాను.

నేను చూసిన ఆ మొదటి ఏడాదే ఇరవయ్యేళ్ళవాడొకడు కొత్తగా జట్టులోకి వచ్చాడు. ఆట అయ్యాక వాన పడుతున్నా కంచె దగ్గర నిలబడి, అడిగిన ప్రతివాళ్ళకీ సంతకం పెట్టి ఆఖరున లోపలికి వెళ్ళేవాడు. తర్వాత అతనే కెప్టెన్ అయ్యాడు. మేం సింగపూర్ వచ్చేశాక కూడా అతను ఆడుతూనే ఉన్నాడు. నేను ఫోన్‌లోనో టీవీలోనో చూస్తూనే ఉన్నాను.

ఇక్కడ ఆ ఆట చూసేవాళ్ళే తక్కువ. ఆ క్లబ్బు పేరు తెలిసినవాళ్ళు నాకెవరూ తగల్లేదు. అలాంటిది ఒక ఉదయం వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదుటి బ్లాక్‌లో, బట్టలారేసే వెదురు కర్ర మీద మా జట్టు జెర్సీ వేలాడుతోంది. వెలిసిపోయింది గానీ రంగులు అవే. కింది నుంచి అంతస్తులు లెక్కపెట్టుకుని, సిగ్గు విడిచి వెళ్ళి తలుపు కొట్టాను. డెబ్బై దాటిన పెద్దాయన తీశారు. నేను ఇంగ్లీషులో మొదలుపెడితే, నా మెడలో నల్లపూసలు చూసి, "తెలుగోలా?" అన్నారు.

వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఈయన ఇక్కడే పుట్టి, ఓడలు బాగుచేసే యార్డులో వెల్డర్‌గా చేశారు. వయసులో ఉండగా కంపెనీ ఆయన్ని అదే ఊరి రేవుకి పంపితే ఆరేళ్ళు ఉండి, ఆ క్లబ్బుని పట్టుకుని తిరిగొచ్చారు. అప్పటి నుంచీ ఏటా సభ్యత్వం కొనసాగిస్తూనే ఉన్నారు. ఆ రోజు నుంచి నా శనివారాలు వాళ్ళింట్లోనే. ఆయన్ని అంకుల్ అనీ, ఆయన భార్యని ఆంటీ అనీ పిలిచేదాన్ని. వెళ్ళగానే, "మకాన్ అయిందా అమ్మా?" అని అడిగేవారు. భోజనం అయిందా అని. అయిందన్నా ఆంటీ ఏదో ఒకటి తెచ్చి పెట్టేవారు.

మా జట్టు ఎప్పుడూ గొప్పదేమీ కాదు. కానీ ఆ ఏడాది వరుసగా ఎనిమిది ఆటలు ఓడిపోయింది. మొదట్లో నవ్వుకున్నాం. నాలుగోదానికి రిఫరీలని తిట్టాం. ఆ తర్వాత నాలో ఏదో మారిపోయింది. మంగళవారం జట్టు పేర్లు ప్రకటిస్తారని ఆఫీసు మీటింగ్‌లో బల్ల కింద ఫోన్ చూసుకునేదాన్ని. అభిమానుల గ్రూప్‌లో రోజుకి వందల మెసేజీలు. కోచ్‌ని తీసెయ్యాలని, బోర్డు రాజీనామా చెయ్యాలని, ఈ క్లబ్బుని ఇంకో నగరానికి తరలిస్తారని. ట్రైన్‌లో నిలబడి అవన్నీ చదివి, దిగాల్సిన స్టేషన్ దాటి బిషాన్ వెళ్ళిపోయిన రోజులున్నాయి. చిన్న పొరపాటుకి ఆఫీసులో ఒకమ్మాయిని అందరిముందూ కసిరాను. ఆమె కళ్ళు చెమర్చడం చూశాక గానీ నా కోపం ఎవరి మీదో నాకు తెలియలేదు.

అంకుల్ మాత్రం కేకలు వెయ్యలేదు. క్రమంగా మాట్లాడ్డం తగ్గించేశారు. ఆయనకి బీపీ ఉంది. రెండో సగం మొదలవగానే ఆంటీ వచ్చి ఆయన పక్కన కూర్చుని, టీవీ కాకుండా ఆయన మొహం చూస్తుండేవారు.

తొమ్మిదో ఆటలో సగానికి పద్దెనిమిది పాయింట్లు మేమే ముందున్నాం. అంకుల్ లేచి నిలబడి టీ అడిగారు. చివరి ఇరవై నిమిషాల్లో అవతలివాళ్ళు ఒక్కొక్కటిగా అన్నీ లాగేసుకున్నారు. ఆఖరి నిమిషంలో వాళ్ళ కుర్రాడొకడు బంతితో గీత వైపు దూసుకుపోతుంటే అడ్డం పడాల్సింది మా కెప్టెన్. అతని చెయ్యి జెర్సీకి తగిలి జారిపోయింది. ఓడిపోయాం. అంకుల్ టీవీ కట్టేశారు. టీ అలాగే ఉండిపోయింది.

ఆ మర్నాడు సాయంత్రం క్లబ్బు ఆన్‌లైన్‌లో సభ్యుల సమావేశం పెట్టింది. ముందుగా పేరు ఇచ్చినవాళ్ళు తలా రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. అంకుల్ పేరు ఇచ్చారు. నా సభ్యత్వం ఆ ఊరు వదిలినప్పుడే పోయింది. అది పునరుద్ధరించుకోవడానికి నాకేమీ అడ్డం లేదు. పదిమందిలో మాట్లాడ్డమంటే భయం, అంతే.

ఇంగ్లీషులో రాసిపెట్టమని అంకుల్ నన్ను అడిగారు. చెప్పింది చాలా చిన్నది. "ఓడిపోతే ఓడిపోనీ. ఏటి సెయ్యాలనుకుంతన్నారో మాకో ముక్క సెప్పమను. అంతే అమ్మా."

ఇంటికొచ్చి ఆ ముక్క టైపు చేశాను. చదివితే చప్పగా అనిపించింది. తొమ్మిది వారాల మంట అంతా ఉంటే ఇదా అడగడం? కింద ఇంకో పేరా రాశాను. కోచ్‌ని ఈ వారమే పంపించెయ్యమని. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. మా కెప్టెన్ పరిగెత్తడం లేదు, పరిగెత్తుతున్నట్టు నటిస్తున్నాడు అని రాశాను. రాసి తృప్తిగా మళ్ళీ చదువుకున్నాను. పెద్దాయన నోటి నుంచి వస్తే కాదనరని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, సమావేశానికి పది నిమిషాల ముందు ఇచ్చాను. ఒకసారి చూసుకోండి అంకుల్ అన్నాను. నువ్వు రాసింది కదా, బాగానే ఉంటది అని మడిచి జేబులో పెట్టుకున్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

లాప్‌టాప్‌లో గళ్ళు గళ్ళుగా మొహాలు. పై వరసలో చైర్మన్, కోచ్, ఆ పక్క గడిలో కెప్టెన్. అతను వస్తాడని నేననుకోలేదు. గడ్డం పెరిగి ఉంది, ఒక కన్ను కింద కమిలి ఉంది. కాగితం అడిగి తీసేసుకుందామనుకునేలోగా అంకుల్ వంతు వచ్చేసింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివారు. మొదటి పేరా అయింది. కోచ్ గురించి చదివేటప్పుడు గొంతు కాస్త తడబడింది గానీ ఆగలేదు. ధ్యాసంతా చదవడం మీదే ఉంది, అర్థం ఆయనకి ఒక అడుగు వెనక వస్తోంది. కెప్టెన్ గురించిన వాక్యం పూర్తిగా చదివేశాక తలెత్తి తెర వైపు చూశారు. కెప్టెన్ తల దించుకున్నాడు.

అంకుల్ కాగితం బల్ల మీద బోర్లా పెట్టారు. తర్వాత తన ఇంగ్లీషులోనే మాట్లాడారు. "ఈ మాట నాది కాదు. చదవకుండా తెచ్చాను, తప్పు నాదే. నన్ను క్షమించు నాయనా" అన్నారు. నా వైపు చూడలేదు. "నేను సింగపూర్‌లో ఉంటాను. మీ గ్రౌండ్‌కి రాలేను. గెలవమని అడగను. మీరేం చెయ్యడానికి ప్రయత్నిస్తున్నారో చెప్పండి. అది తెలిస్తే ఓడిపోతున్నా కూర్చుని చూడగలను." అంత మాత్రం చెప్పి ఆగిపోయారు.

చైర్మన్ మంచి సూచన అని, ఆలోచిస్తామని ఏదో అన్నాడు. అంతలో వంతు కాకపోయినా కెప్టెన్ మైకు ఆన్ చేశాడు. "ఆయన చదివిందాంట్లో కొంత నిజముంది. నేను ఇదివరకటిలా పరిగెత్తలేకపోతున్నాను. అది నాకూ తెలుసు. కానీ నటించడం లేదు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. తర్వాతి పేరు పిలిచారు.

అంకుల్ లాప్‌టాప్ మూసేశారు. టీ తాగి వెళ్ళమ్మా అన్నారు. కోప్పడితే బాగుండేది. ఆఫీసు పని ఉందని అబద్ధం చెప్పి వచ్చేశాను.

గంటలోపే ఆ వీడియో ముక్క గ్రూప్‌లోకి వచ్చేసింది. సగం మంది సింగపూర్ ముసలాయన భలే అన్నాడని మెచ్చుకుంటున్నారు. మిగతా సగం ఆయన్ని బూతులు తిడుతున్నారు. క్షమించమన్న ముక్క కత్తిరించేసి పెట్టారు. ఆయన పేరు తెర మీద స్పష్టంగా కనిపిస్తోంది. టైపు చెయ్యడం, చెరిపెయ్యడం. ఎలాగో చివరికి, ఆ మాటలు రాసింది నేను, ఆయనకి తెలియకుండా రాశాను, తిట్టాల్సింది నన్ను అని పెట్టి ఫోన్ బోర్లించాను. రెండు రోజులు తిట్టారు. చదవడం మానెయ్యలేకపోయాను, ప్రతి ఒక్కటీ చదివాను. మా ఆయన ఏమీ అనకుండా ఆ రెండు రోజులూ వంట తనే చేశారు.

ఆ వారం అంకుల్ నుంచి ఫోన్ లేదు. శుక్రవారం కింద, రెండు బ్లాకుల మధ్య ఆంటీ కనిపించారు. గురువారం ఆయనకి బీపీ బాగా పెరిగి పాలీక్లినిక్‌కి తీసుకెళ్ళారట, మాత్ర మార్చారట. నావల్లే కదా ఆంటీ అన్నాను. "ఏమో అమ్మా. వచ్చి ఆయన్నే అడుగు" అన్నారావిడ. కాదు అని ఆవిడ అనకపోవడం మనసులో గుచ్చుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం మూడింటికి వెళ్ళాను. అంకుల్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, కొంచెం చిక్కినట్టున్నారు. ఎదురుగా నిలబడి, తప్పయిపోయిందండీ అంకుల్ అన్నాను. మీ పేరు పాడుచేశాను, ఆరోగ్యం కూడా అని ఇంకేదో అనబోయాను.

"కోపం నీకు లేదా, నాకు లేదా? అందరికీ ఉంది" అన్నారు. ఆ వెంటనే, "నీ మాట నీ నోటితో అనీసుంటే నాను ఏటీ అననమ్మా. నా నోట్లో ఎట్టావు. ఆ అబ్బాయి నన్ను సూసి తల దించుకున్నాడు. అదే నాను మరిసిపోలేకుండున్నాను."

ఆయన కూర్చోమన్నట్టు సోఫా చూపించారు. ఆంటీ టీవీ పెట్టారు.

ఆ రోజూ ఓడిపోయాం, రెండే పాయింట్ల తేడాతో. కెప్టెన్ మొదటి నుంచి చివరి దాకా ఆడాడు. రెండుసార్లు అతని పట్టు తప్పింది, ఐదారుసార్లు పట్టుకున్నాడు. పట్టుకున్న ప్రతిసారీ లేవడానికి చాలాసేపు పట్టేది. నేను ఎప్పుడూ బంతినే చూసేదాన్ని. ఆ రోజు అతన్ని చూశాను. మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి, తన చోటికి నడవకుండా పరిగెత్తుకుంటూనే వెళ్ళేవాడు. టీవీ మధ్యలో కట్టెయ్యలేదు. ఎనభై నిమిషాలూ ముగ్గురం కూర్చున్నాం.

ఇంకో రెండు వారాలకి కోచ్‌ని పంపించేశారు. దానివల్ల పెద్దగా ఏమీ మారలేదు. చివర్లో మూడు ఆటలు గెలిచి, అట్టడుగు నుంచి ఒక మెట్టు పైన సీజన్ ముగించాం. కెప్టెన్ ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. అతని ఆఖరి ఆట చూస్తున్నప్పుడు అంకుల్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉన్నారు. అతనికి ఉత్తరం రాయాలని నేను మూడుసార్లు మొదలుపెట్టాను. ఇంతవరకూ పంపలేదు.

ఆ తర్వాత సొంత గ్రౌండ్‌లో ఆడే ఆటల్లో సగం వేరే నగరానికి తరలించాలని బోర్డు చూస్తోందని వార్త వచ్చింది. మళ్ళీ సమావేశం పెట్టారు. ఈసారి నేనే సభ్యత్వం తీసుకుని నా పేరు ఇచ్చాను. మా ఇంట్లో, నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అంకుల్ తనూ వస్తానని చెప్పి, వచ్చి కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చున్నారు. నా వంతు వచ్చింది. ఎన్ని ఆటలు తరలిస్తారు, ఎప్పటి నుంచి, సభ్యుల్ని అడిగి చేస్తారా అని మూడు ప్రశ్నలు అడిగాను. రెండు నిమిషాల్లో ఒకటిన్నర మిగిలిపోయింది. ఇంకా నిర్ణయం తీసుకోలేదని చైర్మన్ చెప్పాడు.

అంకుల్ నా చెయ్యి తట్టారు. మంచినీళ్ళు తెచ్చుకుని తాగాను. నిర్ణయం ఈ రోజుకీ రాలేదు. పొద్దున లేవగానే మొదట దాని కోసమే ఫోన్ చూస్తున్నాను.