ఆముదం రాసిన నడుముకు ఎపిడ్యూరల్

ఆ ఉదయం నా బిడ్డ శ్రావణి లేస్తూనే తల పట్టుకుంది. చేతులు వాచి గాజులు కదలడం లేదు. తొలికాన్పుకు మునగాలలోని మా ఇంటికి వచ్చి అప్పటికి నెల. దవాఖానకు పోదామని పిలిపించిన కారు వచ్చేలోపే నొప్పులు మొదలయ్యాయి. మా అమ్మ నాకు చేసినట్టే, ఇంట్లో కాచిన ఆముదం దాని నడుమంతా మర్దన చేసి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను.

పరీక్షలు చేశాక డాక్టరమ్మ, "బీపీ ఎక్కువున్నది. నొప్పికి ఇంకా పెరుగుతది. నడుముల మత్తు సూది, ఎపిడ్యూరల్ పెడితే మంచిది" అంది.

"నడుముల సూదా? వద్దు. ముగ్గురిని నేను ఏ సూది లేకుండనే కన్న" అన్నాను.

శ్రావణి పళ్ళు బిగబట్టి, "ఆ ముగ్గురిని నువ్వు కన్నవ్. గీ ఒక్కదాన్ని నన్ను కననియ్యే అమ్మా!" అంది. నర్సు నవ్వింది. శ్రావణే సంతకం పెట్టింది.

మత్తు డాక్టరు నాకూ విడమరిచి చెప్పాడు. స్పృహ పోదు. వెన్నులో సన్నటి ట్యూబ్ ఉంచి మందు కొద్దికొద్దిగా ఇస్తారు. నడుము కింద నొప్పి తగ్గుతుంది. ఆపరేషన్ కావాల్సి వచ్చినా ఆ ట్యూబే పనికొస్తుంది. కాళ్ళు మొద్దుబారవచ్చు, బీపీ పడిపోవచ్చు, ఎప్పుడో ఒకరికి తలనొప్పి రావచ్చు. అందుకే పక్కనే ఉండి చూస్తుంటారు.

తర్వాత దాని వీపు చూసి ఆగిపోయాడు. "గింత ఆముదం ఎవరు పూసిన్రు?"

"నేనే సారూ."

"సీసా మొత్తం ఒంపినవా పెద్దమ్మా?"

తుడిచి, శుభ్రం చేసి, శ్రావణిని ముందుకు వంచి కదలకుండా కూర్చోబెట్టి ట్యూబ్ పెట్టారు. కాసేపట్లో దాని ముఖం తేటబడింది. గంట తర్వాత మళ్ళీ కేక పెట్టింది. జిడ్డుకు ప్లాస్టర్ ఊడి ట్యూబ్ బయటికి వచ్చేసింది. బీపీ ఎక్కింది. నేను మత్తు డాక్టరు దగ్గరికి ఉరికాను.

"సారూ, మళ్ల పెట్టుండ్రి, జల్ది!" అని ఈసారి అడిగింది నేనే.

మళ్ళీ తుడిచి కొత్త ట్యూబ్ పెట్టారు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. శ్రావణి నవ్వుతూ ఎత్తుకుని, "సూడే అమ్మా, నీ ముక్కే!" అంది.

"నా ముక్కుకు ఏమైందే?" అన్నాను. ఆ గదిలో అందరం ఒకటే నవ్వు.

బీపీ మందులు కొన్ని వారాలు వాడింది. ఇప్పుడు పాప పాకుతూ ఇల్లంతా తిరుగుతోంది, వెనకాలే శ్రావణి పరుగు. నడుము బాగానే ఉంది.

తొమ్మిదో నెలలోనే మీ పిల్లను మత్తు డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. అనుమానాలన్నీ అడగనివ్వండి. కావాలో వద్దో తననే చెప్పనివ్వండి.